నాలుగు ఫోన్లు, అమ్మమ్మ పచ్చబొట్టు

బిడ్డా,

నువ్వు పంపిన రెండు పేజీల ప్లాన్ మూడుసార్లు చదివాను. నలుగురు స్నేహితులు కలిసి అస్తిత్వం మీద నలభై నిమిషాల వీడియో చేస్తామంటున్నారు. ఒకరిది బొమ్మ, ఒకరిది నాట్యం, ఒకరిది సౌండ్, నీది కెమెరా. చాలా సంతోషమనిపించింది. తప్పకుండా చేయండి. ఇరవై ఏళ్లకు పైగా ఎడిటింగ్ గదిలో కూర్చున్నదాన్ని కాబట్టి కొన్ని మాటలు చెప్పాలనిపించి రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి. మీ ప్లాన్‌లో 'అస్తిత్వం' పదకొండుసార్లు వచ్చింది. స్త్రీవాదం, దళితవాదం, ముస్లింవాదం, తెలంగాణ ఉద్యమం ఎంతో పోరాడి ఆ మాటకు బరువు తెచ్చాయి. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ మైకు పట్టుకుని "మీ అస్తిత్వం ఏమిటి?" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. మన దగ్గర ఆ ప్రశ్న వేరే రూపాల్లో వస్తుంది. ఏ ఊరు? ఎవరి బిడ్డవు? ఇంటిపేరేంటి? కిరాయికి ఇల్లు చూడ్డానికి పోతే, "మీరేంవాళ్లు?" కాబట్టి ఇలా అడగండి: ఆ మాట మిమ్మల్ని ఆఖరిసారి ఎవరు అడిగారు, మీరేం చెప్పారు? దీనికి ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కథ ఉంటుంది. ముందు మీ నలుగురూ కెమెరా ముందు కూర్చుని ఒకరినొకరు అడగండి. మీలో ఎవరికి ఏ ప్రశ్న దగ్గర గొంతు పట్టేస్తుందో తెలుస్తుంది. మీరు చెప్పలేని జవాబు బయటివాళ్లను అడగకండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. చాలా ఏళ్ల కింద ఒక ఊళ్లో చెప్పులు కుట్టే కుటుంబం మీద చిన్న వీడియో చేశాను. ఆ ఇంటావిడ రెండు రోజులు నాతో మనసు విప్పి మాట్లాడింది. ఎడిటింగ్‌లో ఆమె ముఖం కింద పేరు, ఊరు, కులం మూడూ వేశాను. గౌరవంగా చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె కొడుకు అప్పుడు పట్నంలో కులం చెప్పకుండా ఒక గది తీసుకుని చదువుకుంటున్నాడు. ఇంటి ఓనర్ బంధువులెవరో వీడియో చూశారు. నెల తిరగకముందే అబ్బాయి గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆవిడ ఫోన్ చేసి నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ కింద రాసినది తీసేస్తవా బిడ్డా?" అని అడిగింది. తీసేశాను. అప్పటికే సీడీలు ఎంతోమంది చేతుల్లోకి వెళ్లిపోయాయి.

ఆమె షూటింగ్‌కు ఒప్పుకుంది, సంతకం కూడా పెట్టింది. కానీ ఆ కాగితంలో కొడుకు లేడు, ఇంటి ఓనర్ లేడు. అందుకే ఇప్పుడు నా పద్ధతి ఇది. షూటింగ్ ముందు ఒకసారి అడుగుతాను. రఫ్ కట్, అంటే మొదటిసారి వరసగా అతికించిన వీడియో, అయ్యాక వాళ్లింటికే లాప్‌టాప్ పట్టుకెళ్లి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చూపిస్తాను. యూట్యూబ్‌లో పెట్టేముందు మళ్లీ అడుగుతాను. వద్దంటే ఎంత గొప్ప షాట్ అయినా తీసేస్తాను. మీ సౌండ్ చేసే అబ్బాయి "అప్పుడు ఫిల్మ్ బలహీనపడుతుంది కదా" అనొచ్చు. పడనివ్వండి. ఇంకోటి, మీతో కూర్చున్న రోజుకు వాళ్ల కూలీ పోతుంది. ఆ డబ్బు బడ్జెట్‌లో మొదటి లైనులో రాసుకోండి.

కెమెరా ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా ఆలోచించండి. ముంబైలో క్యాంప్ అనే కళాకారుల బృందం ఉంది. వాళ్లు 2013లో 'ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్' అని 83 నిమిషాల సినిమా చేశారు. కచ్ ప్రాంతం నుంచి చెక్క ఓడల మీద సరుకు మోసే నావికులు తమ సెల్‌ఫోన్లలో తీసుకున్న దృశ్యాలు, వాటికి వాళ్లే జతచేసుకున్న పాటలు ఆ సినిమాకు ప్రాణం. ఆ నావికులతో ఏళ్ల తరబడి స్నేహం చేశాక అది తయారైంది. మీకు అన్నేళ్లు లేవు, తెలుసు. కనీసం ఒక ఆదివారం మీ ఫోన్ మీరు షూట్ చేసే మనుషుల చేతికిచ్చి చూడండి.

మన దగ్గరి చేర్యాల పటాలు, అంటే కథ చెప్పే బొమ్మల గుడ్డచుట్టలు కూడా ఒకసారి వెళ్లి దగ్గరగా చూసి రండి. ఖాదీ గుడ్డ మీద సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూస్తారు. ఎర్రటి నేపథ్యం మీద బొమ్మ తర్వాత బొమ్మగా ముప్పై నలభై అడుగుల పొడవున కథ నడుస్తుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెప్తారు. మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు చెప్తారు. ఒక కులం తన పుట్టుక కథను ఇంకో కులం నోట వింటుంది, ఆ పటం వేసేది నకాషీ కళాకారుడు. గీసేవాళ్లు ఒకరు, చెప్పేవాళ్లు ఒకరు, వినేవాళ్లు ఇంకొకరు. మీ నలుగురి పని కూడా ఇదే కదా. మీ బొమ్మలేసే అమ్మాయికి ఆ పటం ఎలా విప్పుతారో, ఎక్కడ ఆపుతారో చూపించు. ఎడిటింగ్ గురించి నేను చెప్పగలిగినదానికంటే ఎక్కువే నేర్చుకుంటుంది.

ఇక మీ నలుగురి మధ్య. ఒక కాగితం రాసుకోండి, రేపే. స్నేహితుల మధ్య కాగితమేంటని మొహమాటపడకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాతే, వీడియో కూడా దాని కిందికే వస్తుంది. ఏమీ రాసుకోకపోతే రేపు గొడవొచ్చినప్పుడు 'నిర్మాత నేనే' అని ఒకరు నిలబడితే మిగతా ముగ్గురూ తమ వాటా నిరూపించుకోవడానికి తిప్పలు పడాలి. విడుదలయ్యాక 60 ఏళ్లు నడిచే హక్కు అది. పేర్లు ఏ వరసలో వస్తాయి, డబ్బొస్తే ఎలా పంచుకుంటారు, ఎవరైనా మధ్యలో తప్పుకుంటే వాళ్లు తీసిన ఫుటేజ్ ఏమవుతుంది, ఇవన్నీ రాయండి. ఎడిటింగ్ మాత్రం ఒక్కరికే అప్పగించండి. మిగతావాళ్లు వారానికోసారి కూర్చుని చూసి, చెప్పాల్సినవన్నీ అప్పుడే చెప్పండి. ఒక మౌస్ మీద నాలుగు చేతులు పడితే ఆ టెన్షన్‌కు స్నేహాలు తెగిపోవడం నేను చూశాను.

టెక్నికల్ విషయాలు మీకే బాగా తెలుసు. రెండే చెప్తాను. నాలుగు ఫోన్లలోనూ సెకనుకు 25 ఫ్రేములు, షటర్ సెకనులో 50వ వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, లేకపోతే ట్యూబ్‌లైట్ కింద తీసినదంతా మినుకుమినుకుమంటుంది. ఇంట్లో రికార్డ్ చేసేటప్పుడు ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి. బండి తాళంచెవి ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. మళ్లీ ఆన్ చేయకుండా ఇల్లు కదలరు, వాళ్ల పాలు విరగవు.

సబ్‌టైటిల్స్ విషయంలో మాత్రం నాది పట్టుదలే. అమ్మమ్మ "గప్పుడు మాకేం ఎరుక బిడ్డా" అంటే, కింద "అప్పుడు మాకేమి తెలుసు అమ్మా" అని వేయకండి. గుర్తింపు గురించి వీడియో తీస్తూ మనిషి మాటనే దిద్దితే ఇంకేం మిగులుతుంది? అన్నది అన్నట్టే వేయండి.

అమ్మమ్మ అంటే గుర్తొచ్చింది. ఆమె ముంజేతి మీది పచ్చబొట్టు షూట్ చేస్తానని రాశావు. ఎండలో తీయకు, ముడతలే కనిపిస్తాయి, పచ్చ మసకబారుతుంది. పొద్దున వెనకింటి తలుపు పక్కన నీడలో గోడవైపు కూర్చోబెట్టు. మొదటి పది నిమిషాలు చేయి చీర కొంగులో దాచుకుంటుంది, నా దగ్గరా అలాగే చేసింది. కెమెరా ఆపి, బియ్యం ఏరడానికి చాట ఇవ్వు. తనే చేయి బయటపెడుతుంది.

ప్రేమతో,
మీ పెద్దమ్మ