ఒక కాపీ కొని, ఎనిమిది జిరాక్సులు

అమ్మలూ,

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి తెనాలి వచ్చి, కవిత్వం, నాటకాలు అచ్చేసే సంస్థ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పినంతసేపూ నిన్ను తిట్టింది. నేనూ తిడతాననుకుంది కాబోలు. ఫోన్ పెట్టేశాక వీధిలో కనపడిన వాళ్లందరికీ "మా అన్నయ్య కూతురు పబ్లిషర్ అవుతోంది" అని చెప్పుకొచ్చాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు పనులు నీకే తెలుస్తాయి. ప్రతి పుస్తకానికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఆ ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మధ్యలో ఎవడైనా డబ్బడిగితే ఇవ్వకు. పుస్తకం వచ్చిన నెలలోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ఇంకా ఢిల్లీ, ముంబై లైబ్రరీలకి తలా ఒక కాపీ పంపాలి, 1954 నాటి చట్టం అది. పేజీలు పదహారేసి చొప్పున ఫారాలకు, అంటే మడిచే పెద్ద అచ్చు కాగితాలకు, సర్దుకో, లేకపోతే చివర తెల్లకాగితాలకు డబ్బు కడతావు. డీటీపీ వాళ్లు వాడే అనూ ఫాంట్ల నుంచి, నెట్‌లో ఎక్కడైనా కనపడే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. నాటకంలో పాత్ర పేరు ఒక్కటి మారిందంటే డైలాగు ఇంకొకడి నోట్లోకి పోతుంది. ప్రూఫులు నాకు పంపు. కళ్లజోడు మందమైంది గానీ తప్పు నా కంట్లోంచి ఇంకా దాటిపోదు.

ఇక మీ నాన్న సంగతి. మీ అద్దాల బీరువాలో గట్టి అట్ట నాటిక పుస్తకం ఉందే, అందరూ తీసి చూసి మెచ్చుకునేది, అదే మా ప్రెస్సుని ముంచింది. నీకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆ నాటిక పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, బాగా ఆడింది. ఊరూరి నాటక సమాజాల వాళ్లు స్క్రిప్టు పంపమని ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు చూసి అన్నయ్య కాళ్లు నేల మీద నిలవలేదు. ఖరీదైన కాగితం, గట్టి అట్ట, ముగ్గురు పెద్దల ముందుమాటలు. కంపోజింగ్ చేసింది నేనే. ధర చూసి, "ఇది ఎవరు కొంటారు అన్నయ్యా?" అన్నాను. "సాహిత్యం చవగ్గా కనపడకూడదే" అన్నాడు.

కొన్నారు, సమాజానికి ఒక్కో కాపీ. నాటికలో పాత్రలు ఎనిమిది. ఒక కాపీ కొని, బజారుకెళ్లి ఎనిమిది జిరాక్సులు తీయించుకున్నారు. గట్టి అట్ట మిషన్ మీద పరుచుకోవడం లేదని అట్ట చించి మరీ తీయించారట! వాళ్లని ఏమనగలం? రిహార్సల్లో పుస్తకం మడిచి చేత్తో పట్టుకోవాలి, పెన్సిలుతో గీతలు పెట్టుకోవాలి. ముందుమాటలతో వాళ్లకేం పని? వాళ్లు మొదట వెతికేది ఆడపాత్రలు ఎన్ని, సెట్లు ఎన్ని, ఎంతసేపు పడుతుంది అని. ఆ మూడూ మా పుస్తకంలో ఎక్కడా లేవు.

ఒక ఊళ్లో ప్రదర్శనకి వెళ్లాం. కరపత్రంలో రచయిత పేరు లేదు. నాకు ఒళ్లు మండింది. మీ నాన్న మాత్రం ముందు వరసలో కూర్చుని పాత్రలతో పాటు తనూ డైలాగులు గొణుక్కున్నాడు. తిరుగు బస్సులో "ఆ ముసలాడి వేషం వేసినవాడు ఎంత బాగా చేశాడే" అంటాడు! ఆ వారమే కాగితం కొట్టాయన బాకీ కోసం వచ్చి అరుగు మీద కూర్చుంటే, మీ నాన్న పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. ఆయనకి మజ్జిగిచ్చి, సర్దిచెప్పి పంపింది నేను. ఇప్పటికీ అరుగు మీద ఎవరైనా చప్పుడు చేయకుండా కూర్చుంటే నాకు టెన్షనే. కాగితం అప్పు మీద తేకు. ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

నాటకాన్ని సన్నగా, పిన్ను కొట్టి, చవగ్గా వెయ్యి. పాత్రలు ఎన్నయితే అన్ని కాపీలు కలిపి సెట్టుగా అమ్ము, దాంట్లోనే ప్రదర్శన అనుమతి పత్రం పెట్టు. జిరాక్సు కంటే సెట్టే నయం అనిపించాలి. ఆడేటప్పుడు కుదించుకోవచ్చో లేదో కూడా రచయితనడిగి అందులోనే రాయి. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ పెంచి రాసిన ప్రతిని ఇవాళ ఆడేవాళ్లు కుదించుకునే ఆడతారు. ఆయనకే తప్పలేదు, నీ రచయితలకి తప్పుతుందా. వాళ్లతో ఒప్పందం కాగితం మీద ఉండాలి, ఎంత మొహమాటమైనా సరే. అచ్చు హక్కు వేరు, ప్రదర్శన హక్కు వేరు. హక్కు ఎన్నాళ్లకో ఒప్పందంలో రాయకపోతే చట్టం లెక్కలో అది ఐదేళ్లే.

కవిత్వానికి నా భయం వేరు. ఆవిష్కరణ సభ, అధ్యక్షుడు, ఆరుగురు వక్తలు, శాలువాలు. కవి చదివేసరికి హాల్లో కుర్చీలే మిగులుతాయి. వచ్చినవాళ్లంతా కాంప్లిమెంటరీ కాపీ చంకలో పెట్టుకుని పోతారు. 1965లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. నువ్వు అంతదూరం పోనక్కర్లేదు, ముఖ్య అతిథిని మానేస్తే చాలు. లైబ్రరీ వరండాలోనో, కాలేజీ చెట్టు కిందో కవి చేత చదివించు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని నువ్వే కూర్చో. కవిత చెవిలో ఉండగానే కొంటారు, ఇంటికెళ్లాక ఎవరూ కొనరు. కాంప్లిమెంటరీ అడిగితే నా పేరు చెప్పు, మా అత్త ఒప్పుకోదను. కవి దగ్గర డబ్బు తీసుకుని మాత్రం పుస్తకం వెయ్యకు. అలా మొదలుపెడితే, బాగాలేని కవిత్వాన్ని బాగాలేదని చెప్పే నోరు పోతుంది.

పోస్టులో పంపడానికి, 2024 డిసెంబరులో పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్టు ఎత్తేశారు. 2025 మే నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అని వచ్చింది. మన పుస్తకాలకి కుదురుతుందేమో పోస్టాఫీసులో అడుగు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో స్టాలు సొంతంగా తీసుకోకు, మొదటి ఏడాది ఎవరి స్టాల్లోనైనా పుస్తకాలు పెట్టుకోవడానికి ఒక అర ఇమ్మని అడుగు.

మీ అమ్మతో వాదన పెట్టుకోకు. ఆ అరుగు మీది మనిషిని తనూ చూసింది. మొదటి పుస్తకానికి డబ్బు ఎక్కణ్ణించి తెస్తున్నావో నాకు విడిగా రాయి. పీఎఫ్ డబ్బయితే సగమే ముట్టుకో. తక్కువ పడితే నన్నడుగు, కాగితం కొట్లో అడగకు.

మీ అత్త