‘మనవాళ్లకే ఇద్దాం’ అన్న మెసేజ్

అడిగిన ప్రశ్న ఇది: “అమెరికాలో లా స్కూల్ రెండో ఏడు చదువుతున్నాను. డబ్బు లేనివాళ్లకి ఉచితంగా కేసులు వాదించే ఒక లీగల్ ఎయిడ్ ఆఫీసు వాళ్లు ఇళ్ల వివక్ష కేసుల విభాగంలోకి రమ్మంటున్నారు. రోజూ పని ఎలా ఉంటుంది? నిజంగా గెలుస్తామా? మన తెలుగువాళ్ల మీదే కేసు వస్తే ఎలా?”

నేను ఈ పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. మీ మూడో ప్రశ్న గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. కానీ పని సంగతి తెలియకుండా అది అర్థం కాదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

వివక్ష అనగానే మొహం మీద తలుపెయ్యడం, తిట్టడం గుర్తొస్తాయి. నా దగ్గరికొచ్చిన కేసుల్లో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అందరికీ ఎదురైంది మర్యాదే. “అయ్యో, నిన్ననే వేరేవాళ్లు తీసుకున్నారండీ, ఏదైనా ఖాళీ అయితే నేనే ఫోన్ చేస్తాను” అని నవ్వుతూ చెబుతారు. వచ్చినాయన థాంక్స్ చెప్పి వెళ్లిపోతాడు. తనకు అన్యాయం జరిగిందని ఆయనకే తెలియదు. ఆ మాట అబద్ధమని నిరూపించడమే మా పనిలో సగం.

దానికి టెస్టింగ్ అనే పద్ధతి ఉంది. ఆదాయం, ఉద్యోగం, కుటుంబం అన్నీ ఒకలాగే చెప్పే ఇద్దరిని ఒకే చోటికి, కొన్ని గంటల తేడాతో పంపుతాం. ఒకరు తెల్లవారు, ఒకరు నల్లవారు అనుకోండి. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. ఎవరికి వాళ్లు అదే రోజు రిపోర్టు రాసి ఇవ్వాలి. నేను చూసిన మొదటి జత రిపోర్టులు ఇప్పటికీ కళ్లముందున్నాయి. తెల్లామె రాసింది మూడు పేజీలు: మూడు ఫ్లాట్లు చూపించారు, మొదటి నెల అద్దెలో తగ్గింపు ఇస్తామన్నారు, చుట్టుపక్కల స్కూళ్ల గురించి చెప్పారు. నల్లామెది ఆరు లైన్లు. ఖాళీలు లేవన్నారట. చివరి లైను: “ఏజెంట్ చాలా మర్యాదగా మాట్లాడింది, ఇబ్బందేమీ కలగలేదు.” ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. మొదటి కాగితం లేకపోతే రెండోదాంట్లో నేరమే కనిపించదు.

ఈ టెస్టర్లు నిజంగా ఇల్లు కావాలని వెళ్లినవాళ్లు కాదు కదా, వాళ్లకి కేసు వేసే హక్కేంటని అవతలి లాయర్లు వాదించేవాళ్లు. అబద్ధం చెప్పించుకోకుండా ఉండే హక్కు వాళ్లకీ ఉందని 1982లో హేవెన్స్ రియాల్టీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు లేకపోతే మా చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇక ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే అసలు చట్టం, ఫెయిర్ హౌసింగ్ యాక్ట్, 1968 ఏప్రిల్ 11న వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన వారానికి అప్పటి అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. మొదట అందులో ఉన్నవి జాతి, రంగు, మతం, మూలదేశం. 1974లో స్త్రీపురుష భేదాన్ని, 1988లో వైకల్యాన్ని, పిల్లలున్న కుటుంబాలను చేర్చారు.

మీరు ఊహించుకున్న పనికీ రోజూ చేసే పనికీ ఇక్కడే తేడా వస్తుంది. దేశంలో వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా వైకల్యానికి సంబంధించినవే. అవి చాలావరకు కోర్టు దాకా వెళ్లవు. ఒక పెద్దాయన కిరాణా సంచి నిండా కాగితాలు తెచ్చి నా టేబుల్ మీద కుమ్మరించాడు. పక్షవాతం వచ్చాక ప్రభుత్వం ఇచ్చే వైకల్య భృతి మీదే బతుకుతున్నాడు. ఆ డబ్బు పుట్టినరోజును బట్టి నెలలో రెండో, మూడో, నాలుగో బుధవారం పడుతుంది. ఈయనది నాలుగోది. అద్దె మాత్రం ఒకటో తారీకున కట్టాలి. ఏడాదిగా ప్రతి నెలా లేటు ఫీజు కడుతూనే ఉన్నాడు. ఆఖరికి ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసొచ్చింది. ఆ సంచిలో పన్నెండు లేటు ఫీజు రసీదులు, మడత నలగకుండా, వరసగా క్లిప్పు పెట్టి ఉన్నాయి. ఒక్కటీ పారెయ్యలేదు. వైకల్యం ఉన్నవాళ్ల కోసం నిబంధనలు కాస్త సడలించాలని చట్టం చెబుతుందనీ, అద్దె తేదీ మార్చడం అందులోకి వస్తుందనీ ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశాను. అవతలి లాయరు మూడు రోజుల్లో ఒప్పుకున్నాడు. నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఏడాది పాటు నలిగిన మనిషికి కావాల్సింది ఆ ఒకటిన్నర పేజీ. అది రాసిచ్చేవాళ్లు ఎవరూ లేక అన్నాళ్లు పట్టింది.

క్రిమినల్ కేసయితే, డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయర్ని పెట్టాలని 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇల్లు పోయే కేసుకి అలాంటి హక్కు దేశమంతటా లేదు. న్యూయార్క్ నగరం 2017లో, వాషింగ్టన్ రాష్ట్రం 2021లో ఇచ్చుకున్నాయి. మిగతా చాలా చోట్ల ఎవిక్షన్ కోర్టు (ఇల్లు ఖాళీ చేయించే కేసులు నడిచే చోటు) వరండాలో నిలబడి చూడండి. ఓనర్ల తరఫు లాయరు ఒక్కడే ఇరవై ఫైళ్లు చంకలో పెట్టుకుని తిరుగుతుంటాడు. అద్దెకున్నవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని, చేతిలో ఫోను పట్టుకుని, ఆయన ఏ కాగితం మీద సంతకం పెట్టమంటే దాని మీద పెడుతుంటారు. వాళ్లలో కొందరికి వివక్ష కేసు కూడా ఉంటుంది. అడిగేవాళ్లే ఉండరు. నేను ఇన్‌టేక్‌లో, అంటే మనిషి మొదటిసారి వచ్చినప్పుడు వివరాలు రాసుకునేటప్పుడు, తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “గొడవ మొదలవడానికి ముందు నెలలో ఏం మారింది?” పాప పుట్టింది, అమ్మ వచ్చి ఉంటోంది, వీల్‌చైర్ వచ్చింది, మరమ్మతుల గురించి ఫిర్యాదు చేశాను... జవాబు సాధారణంగా వీటిలోనే దొరుకుతుంది.

గెలుస్తామా అని అడిగారు. డబ్బు గెలుస్తాం. ఇల్లు గెలవడం అరుదు. ఇది ముందే తెలుసుకుని రండి. విషయం తెలియని వేరే వ్యక్తి ఆ ఇంటికి లీజు మీద సంతకం పెట్టేస్తే, కోర్టు అతన్ని ఖాళీ చేయించలేదు. చట్టంలోనే అలా ఉంది, అందులో న్యాయం కూడా ఉంది, ఎందుకంటే అతని తప్పేమీ లేదు. అందుకే ఫోన్ వచ్చిన రోజే కదలాలి. ఫిర్యాదు ఇవ్వడానికి హడ్ (ఇళ్ల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ) దగ్గర ఏడాది, కోర్టులో రెండేళ్లు గడువు ఉంటుంది. ఆ గడువు చూసుకుని జనం నిదానంగా వస్తారు. ఇంటికి ఉన్న గడువు మాత్రం రెండు మూడు రోజులే. హడ్ విచారణకి చట్టం 100 రోజులు పెట్టింది కానీ, అది దాటిపోయిన ఫైళ్లు నా బీరువాలో చాలానే ఉన్నాయి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న.

కొన్నేళ్ల క్రితం ఒక నర్సు వచ్చింది, నల్లజాతి మహిళ. మంచి జీతం, మంచి క్రెడిట్, ఇద్దరు పిల్లలు. అద్దెకిస్తామని ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక ఇంటిని చూసి వచ్చింది. మర్నాడు “వేరేవాళ్లకి ఇచ్చేశాం” అని మెసేజ్. ఇంకో పది రోజుల వరకు ఆ ప్రకటన అలాగే ఉంది. ఓనర్ పేరు చూడగానే నా గుండె జారింది. మనవాడే. కష్టపడి రెండో ఇల్లు కొనుక్కుని అద్దెకిస్తున్న మనిషి. ప్రకటనలో “ఇండియన్ ఫ్యామిలీస్ ప్రిఫర్డ్” అని ఉంది. అందులో తప్పేముందని ఆయన నిజంగానే అనుకున్నాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనిపించే మాటే కదా.

ఆయన లాయరు ఒక మినహాయింపు పట్టుకొచ్చాడు. మూడు ఇళ్లకు మించి లేని ఓనరు, ఏజెంటు లేకుండా సొంతంగా అద్దెకిచ్చుకుంటే ఫెయిర్ హౌసింగ్ చట్టంలోని చాలా నిబంధనలు వర్తించవు. నిజమే. కానీ వివక్షతో కూడిన ప్రకటన ఇచ్చిన మరుక్షణం ఆ మినహాయింపు పోతుంది. పైగా జాతి విషయంలో 1866 నాటి పౌరహక్కుల చట్టం ఉంది. దానికి ఇలాంటి మినహాయింపులేవీ లేవు. అది ప్రైవేటు ఓనర్లకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. మన వాళ్లలో ఇళ్లు అద్దెకిచ్చేవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ పేరా ఇంకోసారి చదవండి. ఒకే ఫ్లాట్‌లో మీతోపాటు ఉండే రూమ్మేట్‌ని ఎంచుకోవడం వేరు. దానికి ఈ చట్టం వర్తించదని పశ్చిమ రాష్ట్రాలను చూసే నైన్త్ సర్క్యూట్ కోర్టు 2012లో తీర్పిచ్చింది. మీరు ఉండని ఇంటిని అద్దెకివ్వడం అలాంటిది కాదు.

డిస్కవరీలో, అంటే విచారణకు ముందు రెండు పక్షాలూ ఆధారాలు ఇచ్చిపుచ్చుకునే దశలో, ఆయన ఫోను మెసేజీలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. మా ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదు, నా దగ్గరికి తెచ్చారు. స్నేహితుడికి పెట్టిన మెసేజ్: “ఆవిడకొద్దులే, ఇల్లు పాడవుద్ది. మనవాళ్లకే ఇద్దాం.” ఇంట్లో మాట్లాడుకునే భాష సాక్ష్యంగా ఎగ్జిబిట్ నంబరు వేయించుకుని నా ముందుంది. నేను చదివితే కోర్టుకి చాలదు, సర్టిఫైడ్ అనువాదకుడు కావాలి. ఆ అనువాదకుడు ఫోన్ చేసి ఒకటే అడిగాడు: “ఇక్కడ మనవాళ్లు అంటే ఎవరు? చుట్టాలా, తెలుగువాళ్లా, ఇండియన్సా, ఒకే కులం వాళ్లా?” డిపొజిషన్‌లో, అంటే ఓనర్‌తో ప్రమాణం చేయించి లాయర్లు ప్రశ్నలడిగేటప్పుడు, ఆ ఒక్క మాట మీదే చాలాసేపు ప్రశ్నలు నడిచాయి. ఓనర్ మొదట “ఫ్రెండ్స్” అన్నాడు, తర్వాత “తెలిసినవాళ్లు” అన్నాడు. ఆఖరికి తల దించుకుని “నాకే తెలీదండీ, అలవాటుగా అనేశాను” అన్నాడు. ఆయన మొత్తం వాంగ్మూలంలో నాకు నిజమనిపించిన వాక్యం అదొక్కటే.

ఇల్లు అద్దెకడిగితే ముందు ఇంటిపేరు, ఆ తర్వాత “మీరేమిట్లు?” అని అడిగే చోటు నుంచి వచ్చినవాళ్లం మనం. ఆ ప్రశ్న ఇక్కడికీ వచ్చింది. ఫెయిర్ హౌసింగ్ చట్టంలో కులం అనే మాట లేదు. 2023లో సియాటిల్ నగరం తన వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది, అందులో ఇళ్లూ ఉన్నాయి. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఒప్పుకున్న బిల్లును మాత్రం గవర్నరు వెనక్కి పంపాడు.

ఆ కేసు తీర్పు దాకా వెళ్లకుండా రాజీతో సెటిలయింది. నర్సుకి పరిహారం వచ్చింది, ఓనర్ ఫెయిర్ హౌసింగ్ శిక్షణ తీసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో అప్పటికే వేరే కుటుంబం ఉంది. ఆమె పిల్లలు అనుకున్న స్కూల్లో చేరలేదు. సెటిల్మెంటు రోజు ఆమె నన్ను అడిగింది, “ఆ మెసేజ్ మీ భాషలో ఎలా వినిపిస్తుంది?” అని. ఇంగ్లీషు అనువాదంలో కన్నా తెలుగులో మామూలుగా, దాదాపు ఆప్యాయంగా వినిపిస్తుందని చెప్పాను. ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఒక ఫంక్షన్‌లో “మనవాడి మీదే కేసు వేశావటమ్మా” అంది. బాధనిపించింది. ఆ రాత్రి నాకు తోచింది చెబుతాను: ఆ నర్సు కూడా నా మనిషే అయింది. అంతకంటే గట్టి సమాధానం నా దగ్గర లేదు. ఇలాంటి కేసు మీకు వస్తే, ఓనర్ మీ బంధువో స్నేహితుడో అయితే పక్కకి తప్పుకోండి, అది వృత్తి నియమం. ఒట్టి తెలుగువాడైతే మాత్రం తప్పుకోవద్దు. ఆ మెసేజీలు చదవగలిగేవాళ్లు మా రంగంలో చాలా తక్కువ.

చివరగా, ఉద్యోగం ఒప్పుకునే ముందు మీరు అడగాల్సినవి. ఆఫీసు లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ (లీగల్ ఎయిడ్ ఆఫీసులకు కేంద్ర ప్రభుత్వ డబ్బు పంచే సంస్థ) నిధులతో నడుస్తోందా? అయితే 1996 నుంచి ఉన్న నిబంధనల వల్ల క్లాస్ యాక్షన్లు (చాలామంది తరఫున కలిపి వేసే కేసులు) వేయలేరు, పత్రాలు లేని వలసదారుల్లో చాలామందికి పని చేయలేరు, ఆదాయ పరిమితి కూడా సాధారణంగా పేదరిక రేఖకు 125 శాతమే. చదువు అప్పులుంటే, ఆ ఉద్యోగం పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్గివ్‌నెస్ అనే అప్పు మాఫీ పథకం కిందికి వస్తుందా? అర్హత ఉన్న 120 వాయిదాలు కట్టాక మిగతాది మాఫీ అవుతుంది, అంటే కనీసం పదేళ్లు. ఒక లాయరు చేతిలో ఎన్ని ఫైళ్లుంటాయో అంకె చెప్పమని అడగండి, “బిజీగా ఉంటుంది” అంటే ఒప్పుకోకండి. అన్నిటికంటే ముందు, టెస్టర్లు ఉన్నారా, ఫోన్ వచ్చిన ఎన్ని గంటల్లో వాళ్లని పంపగలరు? రెండు వారాలు పడుతుందంటే, వాళ్లు పంపేసరికి ఆ ఇంటికి ఎవరో ఒకరు వచ్చేసి ఉంటారు.