22 మందితో కథ రాయబోతున్న మేనకోడలికి

తల్లీ,

నువ్వు ఫ్యాన్ ఫిక్షన్, అంటే నచ్చిన నవలలోని మనుషులతోనే నీ సొంత కథ, మొదలుపెడుతున్నావని, మూల నవలలోని 22 మందినీ అందులోకి తెస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. సాయంత్రమంతా సంతోషంగా ఇల్లంతా తిరిగాను. పడుకున్నాక మాత్రం ఆ 22 అన్న అంకె నిద్ర పట్టనివ్వలేదు. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. ఒక కాగితం మీద అడ్డంగా అధ్యాయాలు, నిలువుగా పేర్లు రాసుకో. ఎవరు ఎక్కడ కనిపిస్తే ఆ గడిలో చుక్క పెట్టు. ఒక సన్నివేశంలో మాట్లాడేవాళ్లు ముగ్గురు నలుగురిని దాటనివ్వకు. ఒక అధ్యాయాన్ని ఒకరి కళ్లతోనే చూడు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

చుక్కలన్నీ సమానంగా పడాలని మాత్రం పంతం పట్టకు. నిన్ను నేనెరుగుదును. చిన్నప్పుడు బొమ్మలన్నిటినీ వరుసగా పడుకోబెట్టి, ఒక్కోదానికి గుడ్డ కప్పి, ఏదైనా మిగిలిపోయిందేమోనని లైటు వేయించి మళ్లీ లెక్కపెట్టేదానివి. ఆ మనసుతో రాస్తే ప్రతి అధ్యాయంలోనూ అందరూ వచ్చి తలా ఒక మాట అని వెళ్లిపోతారు. బడిలో హాజరు పిలిచినట్టు ఉంటుంది. భారత యుద్ధం 18 రోజులు. అందులో భీష్ముడు 10 రోజులు సేనాపతి, ద్రోణుడు 5, కర్ణుడు 2, శల్యుడు చివరి రోజున. ఎవరి పర్వంలో వెలుగు వారి మీద ఉంటుంది, మిగతావాళ్లు ఆ పక్కనే యుద్ధం చేస్తూ ఉంటారు. ఇక వికర్ణుణ్ణి చూడు. 100 మంది అన్నదమ్ములలో ఒకడు. నిండు సభలో ద్రౌపదికి జరుగుతున్నది అన్యాయమని లేచి చెప్పాడు. తర్వాత యుద్ధంలో భీముడి చేతిలోనే చనిపోయాడు, చంపిన భీముడే దుఃఖించాడు. అతని గురించి మనకు గుర్తున్నది దాదాపు ఇంతే. ఇంతకంటే ఎక్కువ కావాలని ఎవరికీ అనిపించదు. నీ 22 మందిలో ఎవరికి పర్వం ఇస్తావో, ఎవరికి ఆ ఒక్క సభ ఇస్తావో ముందే తేల్చుకో.

సొంత నవలలో అయితే ఇద్దరు చిన్న పాత్రలను కలిపి ఒకరిని చేయవచ్చు, ఒకేలా వినిపించే పేర్లు మార్చవచ్చు. నీకు ఆ వీలు లేదు. ఆ మనుషులు నీకంటే ముందే పాఠకుల ఇళ్లలో తిరుగుతున్నారు. వాళ్ల రూపురేఖలు వర్ణించే పని నీకు తప్పింది, అది లాభమే. కానీ చదివే ప్రతివారూ 22 మందిలో తమవాడు ఎవరో ముందే ఎంచుకుని వస్తారు. నాకు భయం అక్కడే.

నేను నీ వయసులో ఉన్నప్పుడు, ఒక ధారావాహిక ముగిసిపోయిందన్న బాధ తట్టుకోలేక దాని తర్వాతి కథను గీతల నోటుపుస్తకంలో రాశాను. కోటలో చిక్కుకున్న 14 మంది కథ. నా స్నేహితురాలు ఒక్కతే పాఠకురాలు. వారానికో అధ్యాయం ఇచ్చేదాన్ని, మర్నాడే చదివి తెచ్చేది. ఎనిమిదో అధ్యాయానికి నా చేయి తిరగడం మానేసింది. గదిలోకి ఎవరు వచ్చినా పదముగ్గురు ఏం చేస్తున్నారో చెప్పాలి. ఒకరిని కూర్చోబెడితే ఇంకొకరు నిలబడి ఉండిపోయేవారు. జనం తగ్గితే బాగుండునని, ఎక్కువగా మాట్లాడని చిన్న చెల్లెలిని ఒక్క వాక్యంలో పంపేశాను: "ఆ రాత్రి జ్వరంతో చిన్నది కన్నుమూసింది, తెల్లవారగానే అందరూ ప్రయాణమయ్యారు." రాసి, హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే తేలికగా అనిపించింది.

ఈసారి పుస్తకం నాలుగు రోజులకు తిరిగి వచ్చింది. ఆ పుట మూల మడిచి ఉంది. స్నేహితురాలు ఒక్కటే అడిగింది: "ఆ పిల్ల చేతిలో దీపం ఎవరు తీసుకున్నారు?"

చీకటి మెట్ల మీద అందరికీ ముందు దీపం పట్టుకుని నడిచేది ఆ చిన్నదే. మొదటి అధ్యాయంలో నేనే ఆ పని అప్పగించాను, తర్వాత మర్చిపోయాను. అప్పటికే రాసి పెట్టుకున్న తొమ్మిదో అధ్యాయం తీసి చూస్తే, వాళ్లు మెట్లు దిగుతున్నారు, దీపం వెలుగుతోంది. పట్టుకున్నవాళ్లు లేరు. నాకు ఒళ్లు చల్లబడింది. ఇంట్లో ఆరుగురు ఆడపిల్లల్లో మా స్నేహితురాలు చివరిదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ చెల్లెలి కోసమే ఆమె వారం వారం చదువుతోందని నేను ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు. ఆ చావును నాలుగు పుటలు చేసి తిరగరాశాను. పెద్దక్క ఆ దీపం అందుకోవడం, చేతికి నూనె అంటడం, మెట్టు మీద ఆగిపోవడం అన్నీ రాశాను. నేను రాసినవాటిలో అవే మంచి పుటలని ఇప్పటికీ అనుకుంటాను. ఆమె పుస్తకం మళ్లీ అడగలేదు. నేనూ ఇవ్వడానికి సిగ్గుపడ్డాను.

అందుకే చెబుతున్నాను, జనం ఎక్కువయ్యారని ఎవరినీ చంపకు. బరువనిపిస్తే పక్క ఊరికి పంపు, నిద్రపుచ్చు, తలుపు అవతల ఉంచు. మౌనంగా ఉన్నవాళ్ల చేతికి ఏదో ఒక పని ఇవ్వు, ఆ పని ఇచ్చినట్టు నీ కాగితం మీద రాసుకో. చంపక తప్పకపోతే, ఆ పని తర్వాత ఎవరి చేతికి వెళ్లిందో చూపించు.

రాత్రి రెండు దాకా రాస్తున్నావట. కళ్లు పాడుచేసుకుంటే ఊరుకోను. అలసటతో రాసినప్పుడే మనుషులు అడ్డుగా కనిపిస్తారు, నా ఎనిమిదో అధ్యాయం కూడా అర్ధరాత్రి రాసిందే. తొందర ఎవరికి తల్లీ, ఆ 22 మంది ఎక్కడికీ పోరు.

మొదటి అధ్యాయం పంపిస్తానన్నావట. అంతకంటే ముందు, ఆ అందరిలో నీకు అసలు ఇష్టం లేనివారు ఎవరో చూసి, వారి గురించి ఒక్క పుట రాసి నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
అత్త