ఊరి మాట అడగబోయే బిడ్డకు

బిడ్డా,

పర్వతగిరి దిక్కు ఊర్లల్ల జనానికి ఏం కావాలో సర్వే చేస్తనని రాసినవు. చెయ్యాల్సిన పనే.

ముందుగల ఒక లెక్క. సరిగ్గ ఎంచుకున్న 1,000 మందిని అడిగినా వచ్చిన శాతం 3 అటో ఇటో జరుగుతది. 400 మందైతే 5, 100 మందైతే 10. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలల్ల కాంగ్రెస్‌కు, బీఆర్‌ఎస్‌కు నడుమ ఓట్ల తేడా సుమారు 2 శాతమే, సీట్లు మాత్రం 64, 39. అంత సన్న తేడా వెయ్యిమంది సర్వేకు చిక్కదు. అందుకే గెలుపోటముల జోలికి పోకు. 2019 లోక్‌సభ ఎన్నికలల్ల నిజామాబాద్‌ల 170 మందికి పైగా రైతులు పసుపు బోర్డు, మద్దతు ధర కోసం పోటీకి దిగిండ్రు. ‘ఏ పార్టీకేస్తవు’ అని అడిగే కాయితంల ఆ పసుపు గోస ఏ గడిల రాస్తరు?

ఓటరు జాబితా బూతులవారీగ తీసుకో. 1,200 పేర్లల్ల 80 మంది కావాలంటే ప్రతి 15వ పేరు. మొదటిది 1 నుంచి 15 దాక చీటీ తీసి ఎంచు. ఇంటికి తాళముంటే పక్కింటికి మళ్లకు. సర్వేలు చెడేది ఇక్కడనే: తాళమేసేది కైకిలి పోయినోళ్లు, దొరికేది ముసలోళ్లు, దుకాణపోళ్లు. పత్తి ఏరే రోజులల్ల పొద్దుగూకినంక పో, ఒక్కో మనిషికి మూడుసార్లు తిరుగు. గల్ఫ్ పోయినోళ్ల పేరు కొట్టెయ్యకు, పక్కన ‘వలస’ అని రాయి. వలస ఎంతున్నదో అదీ ఊరి జవాబే.

ఆడోళ్లను అత్త, మొగడు పక్కన లేనప్పుడు నువ్వే అడుగు. తండాకు లంబాడీ వచ్చిన పిల్లను తోల్కపో. సర్పంచ్ మనుషులను ఎంబడి రానియ్యకు.

‘ఈ పథకం మంచిదేనా’ అంటే అందరూ మంచిదే అంటరు. ‘ఊరికి 10 లక్షలొస్తే మోరీకా, బడికా, చెరువు తూముకా? ఒక్కటే చెప్పుండ్రి’ అను. సగంమందికి వరుస తిప్పి చదువు, లేకుంటే ముందు విన్నదే ఎక్కువమంది అంటరు. దానికన్న ముందు ‘ఈ ఏడు ఇంట్ల పెద్ద కష్టమేంది’ అని అడిగి, వాళ్ల మాటలల్లనే రాయి. ‘యూరియాకు లైన్ల నిలబడుడు’ అన్నదాన్ని ‘వ్యవసాయ సమస్య’ అని రాస్తే వాళ్ల నోరు మూసినట్టే.

‘తెల్వదు’ అన్నోళ్లను లెక్కల నుంచి తీసెయ్యకు. ఎందరిని అడిగినవో, ఎందరు దొరకలేదో పైననే రాసి, గ్రామసభల చదివించు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సభ రెండు నెలలకోసారి పెట్టాలె. తీర్మానం రాయించి నకలు తీసుకో.

ప్రశ్నల కాయితం అచ్చేయించకముందు నాకు పంపు, చూస్త.

నీ పెద్దబాపు