ప్రార్థనలో పెట్టేసిన అమ్మ

ఉత్తరం రాసినామెకు 39 ఏళ్లు. ఉద్యోగం, భర్త, ఇద్దరు పిల్లలు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి గంటసేపు ప్రార్థన చేస్తారు. శుక్రవారం ఉపవాసం. ఆదివారం సండే స్కూల్లో పాఠం చెబుతారు. జీతంలో పదో వంతు దేవునికి ఇవ్వడం ఒక్క నెల కూడా తప్పలేదు. ఇన్ని చేస్తున్నా ఏడాదిగా దేవుడు గోడ అవతల ఉన్నట్టు అనిపిస్తోందట. ప్రార్థన సమయం పెంచాలా, బైబిల్ చదివే పద్ధతి మార్చాలా, రోజువారీ జీవితంలో దేవునికి ఇంకా దగ్గర కావడం ఎలా అని అడిగారు. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

అమ్మా, ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పేస్తాను, ఎక్కువసేపు పట్టదు. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు, ఆదివారాలు ఐదు చదివితే ఏడాది తిరిగేసరికి అయిపోతాయి. నచ్చితే అలా చదవండి. లేదంటే నెలంతా ఒకే కీర్తన పట్టుకుని కూర్చోండి, అదీ మంచిదే. నాలుగున్నరకు లేచారా ఆరింటికి లేచారా అని దేవుడు హాజరు వేసుకోడు. పదకొండున్నరకు గానీ పడుకోవడం కుదరదని రాశారు కాబట్టి, నన్నడిగితే ఇంకో గంట పడుకోమంటాను. ఏలీయా ప్రవక్త ఇక నా వల్ల కాదు, నా ప్రాణం తీసేసుకో అని బదరీ చెట్టు కింద పడిపోయినప్పుడు దేవదూత వచ్చి ఆయనకు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు చూపించి లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడి మెల్లని స్వరం వినపడింది 40 రోజులు నడిచి హోరేబు కొండ చేరాక.

మీ ప్రశ్న అయిపోయింది. ఇక మీరు అడగని సంగతి.

నాలుగు పేజీల ఉత్తరంలో మీ అమ్మగారి గురించి ఉన్నది కొద్ది వాక్యాలు. "అమ్మ మా చెల్లెలి దగ్గర ఉంటుంది. ఆమెతో మాట్లాడితే రెండు రోజులు నాకు మనశ్శాంతి ఉండదు. నేను ఆమెను క్షమించేశాను. ప్రార్థనలో పెట్టేశాను." చదువుతూ చదువుతూ అక్కడ ఆగిపోయాను. మన సంఘాల్లో ఈ మాట రోజూ వింటాం, నేనూ అంటాను. మీ ఉత్తరంలో మాత్రం అది పాత సామాను అటక మీద పెట్టేశాం అన్నట్టు వినిపించింది.

పద్ధతి సరిగ్గా ఉందో లేదో చూడమని మీ ప్రార్థన నోట్‌బుక్ ఫొటోలు కూడా పంపారు. చూశాను. స్కేలుతో గీసిన మూడు గడులు: ఎవరి కోసం, మనవి, జవాబు వచ్చిన తేదీ. సంఘంలో ఒకావిడ ఆపరేషన్, పక్కింటి అబ్బాయి ఉద్యోగం, ఆఫీసులో తోటి ఉద్యోగి పాప చదువు. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో "ఫోన్ చేశాను", "వెళ్లి చూసొచ్చాను" అని ఉంది. పద్నాలుగో వరుసలో "అమ్మ, మనసు మారాలి". తర్వాతి నెల పేజీలో అదే వరుసలో డిటో గుర్తు. ఆ తర్వాతి నెలా డిటో. 11 నెలల పేజీలు పంపారు, అన్నీ తిప్పి చూశాను. పెన్సిల్ రాత ఒక్క చోటా లేదు.

పక్కింటి అబ్బాయికి ఫోన్ చేయడానికి మీకు తీరిక దొరికింది.

జరిగింది మీరే రాశారు. అమ్మగారు మీ ఇంట్లో రెండేళ్లు ఉన్నారు. ఒక రోజు మీ ఆయన ముందు, పిల్లల ముందు, "నీ భక్తంతా గుమ్మం బయటే, ఇంట్లో నీ నోరు వింటే తెలుస్తుంది" అన్నారు. వారం తిరక్కుండా ఆవిడను మీ చెల్లెలి ఇంటికి పంపించారు. అల్లుడి ముందు కూతుర్ని చిన్నబుచ్చడం తప్పే. ఆ తప్పును ముసలితనం పేరుతో కొట్టిపారేయను, మీరూ మనిషే. కానీ "ఆ రోజు శత్రువు ఆమె నోటిని వాడుకున్నాడు" అని రాశారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను. సాతానును ఇందులోకి లాగకండి. అలాంటి మాట అనడానికి కన్నతల్లికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అందులో నిజం ఎంతో మీకే తెలియాలి. అసలేమీ లేకపోతే ఇన్ని నెలలు గుచ్చుకుంటూ ఉండేది కాదేమో.

ఇక మీ చెల్లెలు. ఆమెకు ఆత్మీయత లేదని రాశారు. ఎందుకయ్యా అంటే, ఫోన్లో "అక్కా, నీ ప్రార్థన సంగతి సరే, ఒక్క శనివారం వచ్చి అమ్మ దగ్గర కూర్చో" అందట. శనివారం మీకు సహవాస కూడిక, ఆదివారం పాఠం తయారుచేసుకోవాలి, కాబట్టి కుదరదన్నారు. ఇక్కడ నాకు కోపం వచ్చింది, దాచను. రాత్రి రెండింటికి అమ్మ పిలిస్తే లేచేది ఆ అమ్మాయి. మందుల వేళలు గుర్తుపెట్టుకునేది ఆ అమ్మాయి. మీకు రెండు రోజుల మనశ్శాంతి పోగొట్టే నోటిని రోజంతా వినేదీ ఆ అమ్మాయే. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం తీయండి. పిల్లలు మొట్టమొదట భక్తి చూపడం నేర్చుకోవలసింది సొంత ఇంటివాళ్ల పట్ల, తీర్చుకోవలసింది తల్లిదండ్రుల రుణం అని 4వ వచనంలో ఉంది. భక్తి అన్న మాటే వాడాడు ఆయన. ఆ లెక్కన మీ ఇద్దరిలో వెనకబడింది ఎవరు?

డబ్బు పంపుతున్నాను కదా అంటారు. నిజమే, నెలనెలా పంపుతున్నారు, మీ చెల్లెలు కూడా ఆ మాట కాదనలేదు. మార్కు 7వ అధ్యాయంలో యేసు పరిసయ్యులనే మతనిష్ఠాపరులను నిలదీసిన కొర్బాను సంగతి మీకు తెలుసు. తల్లిదండ్రులకు చేయవలసిన సాయాన్ని దేవార్పితం అని ఒక్క మాట అనేస్తే ఇక చేయనక్కర్లేదని వాళ్లు సూత్రం పెట్టుకున్నారు. దేవుడి పేరు చెప్పి దేవుడి ఆజ్ఞనే పక్కన పెట్టారని ఆయన వాళ్లను అడిగాడు. అక్కడ కొర్బాను అయ్యింది ఆస్తి. మీ ఇంట్లో కొర్బాను అయ్యింది శనివారం.

"క్షమించేశాను" అనే మాట కూడా ఒకసారి చూద్దాం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి, ముందు వెళ్లి సమాధానపడమన్న వాక్యం మత్తయి 5లో ఉంది. మనం దాన్ని తిరగేసి చదువుతాం, మన మనసులో ఎవరి మీదైనా కోపం ఉందా అని చూసుకుని, లేదులే అని అర్పణ ఇచ్చేస్తాం. అక్కడ ఉన్నది వేరు. నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, అని ఉంది. మీరు ఆమెను క్షమించారు, సంతోషం. ఇంట్లోంచి పంపించేసినందుకు ఆమె మనసులో మీ మీద ఏముందో ఎప్పుడైనా అడిగారా?

యాకోబు కథ మీ సండే స్కూల్ పిల్లలకు చెప్పే ఉంటారు. యబ్బోకు రేవు దగ్గర దేవుడితో రాత్రంతా పెనుగులాడాడు, నన్ను దీవిస్తే గానీ పోనివ్వనన్నాడు. రాత్రి ప్రార్థనల్లో మనం ఇష్టంగా ఎత్తుకునే వాక్యం. 32వ అధ్యాయం అక్కడితో అయిపోతుంది కాబట్టి మనమూ పుస్తకం మూసేస్తాం. అసలా రాత్రి అతనికి అంత భయం ఎందుకు? అన్న ఏశావును మోసం చేసి పారిపోయి ఇరవై ఏళ్లయ్యాక, ఆ అన్న 400 మందితో ఎదురొస్తున్నాడు. యాకోబు కూడా ముందు మీలాగే పంపడం మొదలుపెట్టాడు. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు, ఆదికాండంలో ఉన్న లెక్క కూడితే 550, పాలు తాగే ఒంటె పిల్లలు కాక. ముందు కానుక వెళ్లి కోపం చల్లారుస్తుంది, ముఖం తర్వాత చూడొచ్చు అనుకున్నాడు. చివరికి తనే వెళ్లాల్సి వచ్చింది, అదీ కుంటుకుంటూ. ఏడుసార్లు నేల దాకా వంగాడు.

రాత్రి ఆ చోటికి పెనూయేలు అని పేరు పెట్టాడు, దేవుణ్ని ముఖాముఖి చూశాను కనుక అని. తెల్లారాక ఏశావు పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ఏడిస్తే, నీ ముఖం చూస్తే దేవుడి ముఖం చూసినట్టుంది అన్నాడు. 33వ అధ్యాయం, 10వ వచనం. మీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు ఆ వచనమే తిరుగుతోంది. మీరు నాలుగున్నరకు లేచి వెతుకుతున్న ముఖం అదే కదా.

దీని తర్వాత ఏమైందో కూడా చదవండి, మీకు అది ముఖ్యం. కలిసి పోదాం రమ్మని ఏశావు పిలిచాడు. పిల్లలు చిన్నవాళ్లు, మందలు నడవలేవు, నువ్వు ముందు నడువు అని యాకోబు మెల్లగా తప్పుకున్నాడు. అన్న శేయీరుకు వెళ్లాడు, తమ్ముడు సుక్కోతుకు. ఒకే ఇంట్లో ఉండలేదు. కాబట్టి అమ్మను రేపే తెచ్చి ఇంట్లో పెట్టుకోండి అని నేను అనడం లేదు. మీ ఇద్దరి నోళ్లూ ఒకే వంటింట్లో ఇమడవని మీ ఉత్తరమే చెబుతోంది. (కొట్టి, హింసించి పెంచిన తల్లిదండ్రుల సంగతి వేరు. అలాంటివాళ్లు రాస్తే నేనిచ్చే జవాబు వేరు. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.)

నా సంగతీ చెబుతాను. మా వదిన పేరు నా ప్రార్థన పుస్తకంలో నాలుగేళ్లు ఉంది. ఆవిడకు జబ్బు చేసిందని తెలిసి, దారి పొడవునా ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్లాను. క్షమాపణ, వాక్యం, కన్నీళ్లు, అన్నీ సిద్ధం. గదిలోకి అడుగుపెట్టగానే ఆవిడ, "వచ్చావా, నా కళ్లద్దాలు కనపడటం లేదు, వెతుకు" అంది. దిండు కింద ఉన్నాయి. చీర కొంగుతో తుడిచి ఇచ్చాను, పెట్టుకుని నన్నొకసారి చూసి, "చిక్కిపోయావేం" అంది. నేను సిద్ధం చేసుకున్న మాటలు ఆ రోజు ఒక్కటీ పనికిరాలేదు.

మీరు రోజువారీ జీవితం అన్నారు కాబట్టి ఇంకొకరిని తలుచుకుంటాను. 17వ శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్ అనే క్యాథలిక్ సన్యాసుల మఠంలో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన వంటింట్లో పనిచేసేవాడు. గిన్నెల చప్పుడులో, నలుగురూ ఒకేసారి నాలుగు రకాలు అడుగుతున్నప్పుడు కూడా, మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఎంత దగ్గరో దేవుడు తనకు అంతే దగ్గర అనేవాడు. ఈ మాట అందరూ చెప్పుకుంటారు. ఆయనకు వంటపని అంటే స్వతహాగా అస్సలు పడదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మీకు పడని వంటిల్లు ఏదో నేను చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఈ గోడంతా అమ్మవల్లే లేచిందని నేను తీర్పు చెప్పడం లేదు. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, రాసినాయన తప్పు చేశాడని అందులో ఎక్కడా లేదు. అమ్మను చూసొచ్చిన మర్నాడే ప్రార్థనలో కన్నీళ్లు వస్తాయని మాట ఇవ్వలేను. ఆ ఆశతో వెళ్తే మళ్లీ దేవుడితో బేరమే. గోడ కూలినా కూలకపోయినా వెళ్లాలి, ఆవిడ మీ అమ్మ కాబట్టి.

ఈ శనివారం వెళ్లండి. కూడికకు రాలేనని చెప్పండి, కారణం కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పిల్లల్ని అడ్డం పెట్టుకోకుండా ఒక్కరే వెళ్లండి. వెళ్లగానే ప్రార్థన చేసుకుందామా అనకండి, అది కూడా ఒక్కోసారి మాట తప్పించుకోవడమే. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఆవిడ ఏదో ఒకటి అంటారు, అనకుండా ఉండరు. పడండి అని చెప్పను, మీ గౌరవం మీకుంది. హద్దు దాటితే, "అమ్మా, ఇవాళ్టికి వెళ్తాను, వచ్చే శనివారం వస్తాను" అని లేచి రండి, వచ్చే శనివారం వెళ్లండి. వచ్చేముందు మాత్రం నా కోసం ప్రార్థన చెయ్యమ్మా అని అడగండి. ఎన్నాళ్లయిందో కదా ఆవిడను మీరు ఏదైనా అడిగి.

నోట్‌బుక్‌లో ఆ పద్నాలుగో వరుస కొట్టేసి, "అమ్మ" అని మాత్రం ఉంచండి. పక్కన పెన్సిల్‌కు చోటు వదలండి.

వెళ్లేముందు మీ చెల్లెలికి రెండు రోజుల ముందే ఫోన్ చేసి, ఎన్నింటికి వస్తారో, ఎంతసేపు ఉంటారో చెప్పండి. ఆ అమ్మాయి బయటి పనులేవైనా ఉంటే పెట్టుకుంటుంది.