కాలవ గట్టు మీద కారు జారితే

వాహన సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రావులపాలెం నుంచి అమలాపురం వెళ్తుంటే ఎదురుగా లారీ వచ్చింది. దారిచ్చేసరికి ఎడమ చక్రాలు తారు దిగి మార్జిన్‌లో పడ్డాయి. వెంటనే కుడికి తిప్పాను. కారు అవతలి వైపుకు దూకి, అడ్డం తిరిగి ఆగింది. ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉన్న బండే. మరి ఎందుకు కాపాడలేదు?
– పాఠకుడు, కొత్తపేట

జవాబు: మీ స్టీరింగ్‌ని అది నమ్మింది కాబట్టి. స్టీరింగ్ ఎంత తిరిగిందో ఒక సెన్సర్, బండి నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకో సెన్సర్ చెబుతాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరనప్పుడే ఈఎస్‌సీ కల్పించుకుంటుంది. కుడి మలుపులో వెనక భాగం జారితే ఎడమ ముందు చక్రానికి బ్రేకు వేస్తుంది. ముందు భాగం తిరగకుండా నేరుగా పోతుంటే కుడి వెనక చక్రానికి వేస్తుంది. ఇంజిన్ జోరూ తగ్గిస్తుంది. కానీ స్టీరింగ్ కుడికి ఉంటే, మీరు కుడికే వెళ్లాలనుకుంటున్నారని అనుకుంటుంది. అవతల కాలవ ఉందని దానికి తెలియదు.

అసలు పొరపాటు తారు అంచు దగ్గర జరిగింది. మార్జిన్ మట్టి కోసుకుపోయి చాలా చోట్ల తారు నాలుగు వేళ్ల ఎత్తున నిలబడి ఉంటుంది. టైరు పక్కగోడ ఆ అంచుకు రాసుకుంటుందే తప్ప ఎక్కదు. ఎక్కడం లేదని ఇంకాస్త తిప్పుతాం. చివరికి ఎక్కేసరికి ముందు చక్రాలు బాగా కుడికి తిరిగి ఉంటాయి. తారు మీద ఒక్కసారిగా పట్టు దొరికి, బండి అటే దూకుతుంది.

చక్రాలు దిగిన క్షణంలో స్టీరింగ్‌ని రెండు చేతులా గట్టిగా, నేరుగా పట్టుకోండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. సగం తారు మీద, సగం మట్టి మీద అలాగే పోనివ్వండి. వేగం 40 లోపుకు వచ్చాక, అద్దంలో వెనక చూసుకుని, స్టీరింగ్ కొద్దిగా తిప్పి ఎక్కించండి. ఎక్కగానే నేరుగా చేయండి. అంచు మరీ ఎత్తుగా ఉంటే పూర్తిగా ఆపి ఎక్కించడమే మేలు. ముందు తూము గోడో కరెంటు స్తంభమో ఉంటే మాత్రం స్టీరింగ్ కోయకుండా, నేరుగా ఉంచి బ్రేకు గట్టిగా తొక్కండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే పెడల్ కాలి కింద టకటకమని కొట్టుకుంటుంది. భయపడి వదలొద్దు. అయితే వదులు మట్టి మీద, ఆరబోసిన ధాన్యం మీద ఏబీఎస్ ఉన్నా బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. గింజలు టైరు కింద దొర్లిపోతాయి. ఏ కంప్యూటరూ లేని పట్టును పుట్టించలేదు.

ప్రశ్న: ఏబీఎస్ ఉంటే ఈఎస్‌సీ ఉన్నట్టేనా?
– పాఠకురాలు, తణుకు

జవాబు: కాదు. ఏబీఎస్ మీరు బ్రేకు తొక్కినప్పుడే పని చేస్తుంది. ఈఎస్‌సీ మీరు తొక్కకపోయినా చక్రాలకు విడివిడిగా బ్రేకు వేస్తుంది. కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే, 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 3 స్టార్లు, ఆపైన రావాలంటే ఈఎస్‌సీ ఉండాలి. కొనేముందు మీరు తీసుకునే వేరియంట్‌లో ఉందో లేదో అడిగి చూడండి.

ప్రశ్న: జారుతున్న కారు బొమ్మ ఉన్న పసుపు లైటు ఆరడం లేదు. బండి బాగానే నడుస్తోంది. పర్వాలేదా?
– పాఠకుడు, పాలకొల్లు

జవాబు: పర్వాలేదనుకోవద్దు. మిణుకుమంటే ఆ క్షణంలో పని చేస్తోందని అర్థం. వెలిగే ఉంటే ఆపేసి ఉందనో, చెడిందనో అర్థం. ముందు ఆఫ్ బటన్ చూడండి. బురదలోంచి బయటకు తీయడానికి ఎవరైనా నొక్కి మరిచిపోయి ఉండొచ్చు. అది కాకపోతే చక్రం దగ్గరి స్పీడు సెన్సర్ చూపించండి. చేలగట్ల మీద తిరిగే బండ్లకు నల్లమట్టి అక్కడ పేరుకుని గట్టిపడుతుంది. ఈమధ్య అలైన్‌మెంట్ చేయించి ఉంటే స్టీరింగ్ సెన్సర్‌ని మళ్లీ సున్నాకు సెట్ చేయించాల్సి రావచ్చు.

ప్రశ్న: రెండు టైర్లే కొత్తవి కొనగలను. ముందు వేయించనా, వెనకా?
– పాఠకుడు, రాజోలు

జవాబు: వెనక. ముందు చక్రాలతో నడిచే కారైనా సరే. వానలో ముందు జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు, వెనక జారితే బండి గిరగిరా తిరుగుతుంది. గాడి లోతు 1.6 మి.మీ.కు వస్తే చట్టప్రకారం మార్చాలి. మన వానలకు 3 మి.మీ. దగ్గరే మార్చమంటాం. అరిగిన టైరు నిలిచిన నీటి మీద 80 కి.మీ. వేగంలో రోడ్డును తాకకుండా తేలిపోగలదు. అప్పుడు స్టీరింగ్ తేలికైపోతుంది. బ్రేకు వేయకుండా, తిప్పకుండా, కాలు తీసి నేరుగా పట్టుకోండి.

ప్రశ్న: కారు కాలవలో పడితే ఏం చేయాలి?
– పాఠకురాలు, భీమవరం

జవాబు: కారు వెంటనే మునగదు. సాధారణంగా అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా తేలుతుంది. ఫోను జోలికి పోకండి. బెల్టు తీయండి, కిటికీ అద్దం దించండి, పిల్లల్ని ముందు బయటకు తోసి మీరూ రండి. తలుపు తెరవొద్దు: నీటి ఒత్తిడికి రాదు, వచ్చినా నీళ్లు ఒక్క ఉదుటున లోపలికి వచ్చి కారు మునుగుతుంది. నీళ్లు కిటికీ ఎత్తుకు వచ్చాక అద్దం కూడా దిగదు, అందుకే మొదటి అర నిమిషమే కీలకం. పవర్ విండో పని చేయకపోతే పక్క అద్దం మూలన సుత్తితో కొట్టండి. మధ్యలో కాదు. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్నది, పగిలినా ఊడదు. కొన్ని కార్లకు పక్క అద్దాలూ అలాంటివే ఉంటాయి. అద్దం మూలన ఉన్న ముద్ర ఇవాళే చదవండి: టెంపర్డ్ అని ఉన్న అద్దమే పగులుతుంది. సుత్తి డిక్కీలో ఉంటే లేనట్టే. బెల్టు పెట్టుకుని కూర్చుని చెయ్యి చాపితే అందే చోట బిగించుకోండి.