చెయ్యి జారలేదు, నువ్వే కొట్టావు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి ఫోనులో "చెయ్యి జారింది మామయ్యా" అన్నావు. అప్పటినుంచి ఆ మాటే నన్ను తొలుస్తోంది. చేతిలోంచి చెంబు జారుతుంది గాని చెయ్యి జారదు. గొడవ జరిగింది, కోపం వచ్చింది, చెయ్యి చేసుకోవలసి వచ్చింది అంటూ మనం చెప్పుకునే మాటల్లో కొట్టినవాడు ఎక్కడా కనిపించడు. "నేను నా భార్యను కొట్టాను, నా కూతురు చూస్తుండగా కొట్టాను" అని ముందు నీ నోటితో అను. గదిలో ఒంటరిగానైనా సరే, పైకి అను. ఆ మాట అనడానికి నాకు పదేళ్ళు పట్టింది.

మీ నాన్న సంగతి నాకు తెలుసు. బావ సైకిలు స్టాండు వేసే చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో నువ్వూ అక్కా కనిపెట్టేవారు. నీకు ఆరేళ్ళప్పుడు గాదె వెనక దాక్కున్న నిన్ను ఎత్తుకుని మా ఇంటికి తెచ్చింది నేనే. ఆ రోజు బావను నిలదీయలేదు. నేనూ ఇంట్లో చేస్తున్నది అదే కాబట్టి నోరు రాలేదు. అందుకు నన్ను క్షమించు. నీ చిన్నతనం నీకు చేసిన గాయం అబద్ధం కాదు. దాన్ని డాక్టరుకు చెప్పుకో, నాకు చెప్పుకో. నీ భార్యకు మాత్రం సంజాయిషీగా చెప్పకు. ఆమె దెబ్బలు తిన్నది నీ చేతుల్లో.

మందు మానేస్తే అంతా సర్దుకుంటుందని కూడా అన్నావు. 1992లో మన నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళ సారా ఉద్యమం ఊరూరికీ పాకింది. మీ అమ్మమ్మ చీపురు పట్టుకుని మన ఊరి సారా దుకాణం ముందు నిలబడితే, లోపల కూర్చున్నవాళ్ళలో నేనొకడిని. మరుసటి ఏడాది అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. నా తాగుడు ఆగింది. ఆ తర్వాత ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని, చుక్క తాగకుండానే, మీ అత్తను కొట్టాను. ఆమె ఏడవలేదు. "ఇన్నాళ్ళూ సారా కొడుతోందనుకున్నాను" అంది.

అయినా మందు మానాలి. అయితే రోజూ తాగే మనిషివి, ఒక్కసారిగా నీ అంతట నువ్వు మానకు. రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలిసి, ఆయన చెప్పినట్టు మాను. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోను చెయ్యి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి, టెలి మానస్. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు.

కోపం ఆపుకోలేనంటావు. మీ మేనేజరు అందరి ముందు తిట్టిన రోజు నీ చెయ్యి జారలేదే? అక్కడ ఆపుకోగలిగినవాడివి ఇంట్లోనూ ఆపుకోగలవు. నాకు మొదట దవడ బిగుసుకునేది, తర్వాత చెవులు వేడెక్కేవి. నీకు ఏమవుతుందో గమనించు. అది మొదలవగానే "అరగంటలో వస్తాను" అని చెప్పి బయటికి నడువు. వెళ్తూ తలుపు విసిరి కొట్టకు. మీ నాన్న సైకిలు చప్పుడు నీకు ఎలా ఉండేదో, ఆ తలుపు చప్పుడు పాపకు అలాగే ఉంటుంది.

నీ భార్యను తీసుకురావడానికి పెద్దమనుషులను వెంటబెట్టుకుని అత్తవారింటికి వెళ్ళవద్దు. పదిమంది చేరి సర్దుకుపొమ్మంటే ఆమె భయంతో వస్తుంది, ఆ రాక నీకు వద్దు. నెలనెలా ఇంటి ఖర్చుకు డబ్బు పంపు, బదులుగా ఏమీ అడగకు. ఆమె మహిళల సహాయవాణి 181కు ఫోను చేసినా, గృహహింస చట్టం కింద కేసు పెట్టినా అది ఆమె హక్కు. ఆమె ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. అప్పుడు కూడా నువ్వు మారవలసిందే, నీకొక కూతురు ఉంది.

మగవాడు ఏడవకూడదని, పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోవాలని వింటూ పెరిగాం మనం. ఏడుపు మింగి, దాన్నే కోపంగా ఇంట్లోవాళ్ళ మీద కక్కాం. మొన్న నువ్వు ఫోనులో ఏడ్చావు. దానికి సిగ్గుపడకు, నాకు ధైర్యం వచ్చింది.

మీ అత్త ఏళ్ళ తరబడి గడియ చప్పుడుకే ఉలిక్కిపడి లేచి కూర్చునేది. నేను చెయ్యెత్తడం మానేశాక కూడా చాలాకాలం అంతే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను లోపలికి వచ్చి, కుండలో నీళ్ళు ముంచుకు తాగి, ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె లేవలేదు, నిద్రపోతూనే ఉంది. అప్పటికి నేను మారడం మొదలుపెట్టి ఆరేళ్ళు.

ఆదివారం పొద్దున బస్సుకు రా. ఆసుపత్రికి నేను తోడు వస్తాను.

మీ మామయ్య